పాత నాటకశాలను నడపడం: కొత్త కార్యవర్గానికి ఒక కరదీపిక

ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల పట్టణాల్లో పాత టౌన్‌హాలో, కళామందిరమో, నాటక సమాజం సొంత హాలో ఏదైనా ఇంకా తలుపులు తెరుస్తున్నదంటే, దాని వెనుక నలుగురైదుగురు మనుషుల శ్రమ ఉంటుంది. కార్యవర్గాలు మారుతుంటాయి, గోడ మీద శిలాఫలకాలు పెరుగుతుంటాయి, తెర లాగే మనిషి, కరెంటు చూసే మనిషి, హాలు ఊడ్చే మనిషి మాత్రం ఏళ్ల తరబడి వాళ్లే ఉంటారు. అందువల్ల కొత్తగా కార్యదర్శిగానో కోశాధికారిగానో ఎన్నికైనవాళ్లు రంగులు వేయించడం, కుర్చీలు మార్పించడం తరువాతకు ఉంచి, ముందు ఈ మనుషుల సంగతి చూసుకోవాలని నా అభిప్రాయం. ఈ కరదీపిక కూడా ఆ వరుసలోనే సాగుతుంది.

స్టేజి మనిషికి కాగితం మీద హోదా

ప్రతి పాత హాలుకూ ఒక స్టేజి మనిషి ఉంటాడు. రికార్డులో ఆయన వాచ్‌మన్ అనో అటెండర్ అనో ఉంటుంది, కొన్నిచోట్ల అసలు రికార్డులోనే ఉండదు. ముందు తెర తాడు ఏది, అడవి బొమ్మ వేసిన తెర తాడు ఏది, వేదిక మీద ఏ చెక్క కిర్రుమంటుంది, వాన పడితే ఏ మూల ఉరుస్తుంది, ఏ రెండు స్విచ్చులు కలిపి వేస్తే ఫ్యూజు పోతుంది అన్నవన్నీ ఆయనకు మాత్రమే తెలిసిన సంగతులు. ఆయనకు జ్వరం వస్తే ఆ వారం ఊళ్లో నాటకం ఉండదు. కాబట్టి తొలి సమావేశంలోనే ఆయన పదవి పేరు, నెల జీతం, ప్రదర్శన ఉన్న రాత్రికి విడిగా ఇచ్చే బత్తా, సెలవులు తీర్మానంగా మినిట్స్ పుస్తకంలో రాసి, దాని నకలు ఆయన చేతికివ్వాలి. జీతం ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనానికి తగ్గకూడదు. కళాసేవ అన్న మాట చెప్పి చేతిలో ఎంతో కొంత పెట్టే అలవాటు మన సాంస్కృతిక సంఘాల్లో గట్టిగానే ఉన్నది గానీ, సేవ చేయడానికి కార్యవర్గ సభ్యులం మనం ఉన్నాం. నిచ్చెన ఎక్కి దీపాలు కట్టేవానికి కూలి కావాలి. హాలులో పనిచేసే ప్రతి ఒక్కరినీ ప్రధానమంత్రి సురక్షా బీమాలో చేర్పించడం కూడా కార్యవర్గమే చూసుకోవాలి. 18 నుంచి 70 ఏళ్ల లోపు బ్యాంకు ఖాతా ఉన్నవారికి ఏడాదికి 20 రూపాయల కిస్తీతో ప్రమాద మరణానికి 2 లక్షల బీమా వస్తుంది.

జీతంతో పాటు అధికారం కూడా రాసివ్వాలి. తన అనుమతి లేకుండా ఎవరూ వేదిక పైభాగానికి ఎక్కకుండా ఆపే అధికారం, నిప్పుతోనూ బాణసంచాతోనూ చేసే సీన్లను వద్దనే అధికారం, ప్రమాదం అనిపించిన క్షణంలో ప్రదర్శనను ఆపించే అధికారం ఆయనకు ఉండాలి. ముఖ్య అతిథి ముందు వరుసలో కూర్చున్నప్పుడు నోటిమాటగా ఇచ్చిన అధికారం ఎందుకూ పనికిరాదు, సంతకం ఉన్న కాగితమైతే ఆయన ధైర్యంగా నిలబడతాడు.

తరువాత ఆయన దగ్గర ఉన్న జ్ఞానాన్ని హాలు ఆస్తిగా మార్చుకోవాలి. ఒక పగలంతా ఖాళీ పెట్టుకొని, ఇద్దరు కుర్రవాళ్లను వెంటబెట్టుకొని, ఆయనతో వేదికంతా తిరగండి. ప్రతి తాడునూ ఆయన చేత లాగించి సెల్‌ఫోనులో వీడియో తీయండి. ఒకే రంగుకు మాసిపోయిన ఏడెనిమిది తాళ్లలో ముందు తెర తాడు ఏదో చీకట్లో గుర్తుపట్టడానికి ఇలాంటివాళ్లు దానికి ఎర్ర గుడ్డ పీలిక కట్టి ఉంచుతారు, అడవి తెరకు రెండు ముళ్లు వేస్తారు. ఆ గుర్తులను తీసేయకుండా, వాటి పక్కనే పేర్లు రాసిన రేకుబిళ్లలు కట్టండి. ఎప్పుడైనా ఇది తెగిందా, ఎప్పుడు మార్చారు, ఎంత బరువు మోస్తుంది అని ఒక్కొక్కదాని గురించి అడిగి, అట్ట గట్టిగా ఉన్న నోటుపుస్తకంలో రాయించి, ఆ పుస్తకాన్ని వేదిక పక్కనే మేకుకు తగిలించాలి. కార్యదర్శి బీరువాలో ఉంటే అది ఎవరికీ అక్కరకు రాదు. వెంట వచ్చిన కుర్రవాళ్లకు ఆ ఏడాది ప్రతి ప్రదర్శనలోనూ ఆయన పక్కన పని ఇవ్వండి, వాళ్లకూ బత్తా ఇవ్వండి. డిగ్రీ కళాశాలల్లో ఇలాంటి పని మీద మోజు ఉన్నవాళ్లు తప్పకుండా దొరుకుతారు, కాకపోతే రెండో నెల నుంచి కూడా నిలబడేవాళ్లు కావాలి.

హాలు ఎవరిది

ఈ ప్రశ్నకు ఊళ్లో తలా ఒక జవాబు చెబుతారు. స్థలం పురపాలక సంఘానిదా, రెవెన్యూ వారిదా, దేవాదాయ శాఖదా, సమాజం సొంతమా అన్నది కాగితాలతో తేల్చుకోకుండా రూపాయి కూడా మరమ్మతుకు పెట్టవద్దు. తెలంగాణ ప్రాంతంలో పాత సంఘాలు 1350 ఫసలీ (నిజాం పాలనలో వాడిన సంవత్సరాల లెక్క) నాటి చట్టం కింద నమోదై ఉంటాయి. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది కనుక అది 1940-41 నాటి మాట. ఆ చట్టం స్థానంలో 2001లో కొత్త సంఘాల నమోదు చట్టం వచ్చింది, ఏటా సర్వసభ్య సమావేశం జరిపి కార్యవర్గ జాబితాను జిల్లా రిజిస్ట్రారుకు పంపడం దాని కింద తప్పనిసరి. పాత భూమి రికార్డులైన సేత్వారు, 1954-55 ఖాస్రా పహాణీ నకళ్లు తీయించండి. వాటిలో ఉర్దూ రాతలు ఉంటే, చదవగలిగిన పాత రెవెన్యూ ఉద్యోగి చేత తెలుగులో రాయించి రెండింటినీ కలిపి ఉంచండి. కట్టడం వారసత్వ జాబితాలో ఉంటే 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం ప్రకారం మార్పులకు ముందస్తు అనుమతి అవసరమవుతుంది.

కట్టడాన్ని ఎలా చూడాలి

ఏటా రోహిణి కార్తె ఎండల్లో, హాలుకు గిరాకీ లేని రోజుల్లో, పైనుంచి కిందికి ఒకసారి పరీక్ష చేయించి, మృగశిర కార్తె వానలు పడేలోపు పని ముగించాలి. బెంగళూరు పెంకుల కప్పు అయితే పగిలినవి, జారినవి మార్పించడం ఒక్క రోజు పని, కానీ ఆ ఒక్క రోజు పనిని వాయిదా వేయడం వల్లనే దూలాలు పోతాయి. టేకు దూలం నడిమధ్య చూసేటప్పుడు ఉక్కులా కనిపిస్తుంది. అసలు చూడవలసినది గోడలోకి దూరిన దాని కొస. అక్కడ చిన్న స్క్రూడ్రైవరుతో పొడిచి చూస్తే మంచి కర్ర దాని మొనను లోపలికి పోనివ్వదు, చెమ్మకో చెదకో దెబ్బతిన్నది మాత్రం మెత్తగా లోపలికి తీసుకుంటుంది. గోడలు డంగు సున్నంతో కట్టినవైతే పెచ్చులూడిన చోట సిమెంటు పూయించవద్దు. సున్నం గోడ చెమ్మను పీల్చి బయటికి వదులుతుంది, దాని మీద సిమెంటు పొర పడితే ఆ చెమ్మ లోపలే నిలిచి, రెండు మూడు వానాకాలాల్లో పెద్ద పెచ్చుగా ఊడివస్తుంది. సున్నపు పని తెలిసిన మేస్త్రీలు ఇప్పుడు అరుదు. పాత గుళ్ల మరమ్మతులు చేసేవాళ్ల దగ్గర అడిగితే ఆచూకీ దొరుకుతుంది.

మైకులు రాని కాలంలో కట్టిన హాళ్లలో, ఎత్తైన కర్రకప్పు కింద, పద్యం చివరి వరుసకు దానంతట అదే వినిపించేది. అలాంటి హాలులో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కప్పు, గోడలకు నున్నటి టైల్స్ పెట్టించడం అంత చెడ్డ పని మరొకటి లేదు, దాతలు ముందుకు వచ్చి మరీ చేయిస్తామంటారు కనుక మర్యాదగా మరుగుదొడ్ల వైపు మళ్లించండి. వేదిక నడుమ ఒకరిని నిలబెట్టి చప్పట్లు కొట్టించి, చివరి వరుసలో కూర్చుని వినండి. చప్పుడు ఒక్కసారి వినిపించి ఆగిపోతే సరే, రెండోది తోక పట్టుకొని వస్తే పక్క గోడలకు మందపాటి గుడ్డ తెరలు కట్టించాలి. ఖాళీ హాలులో మోగినంతగా జనం నిండిన హాలు మోగదన్నది కూడా గుర్తుంచుకొని తీర్పు చెప్పాలి. ఇంకొకటి, మన హాళ్లలో పద్యాన్ని మింగేది ఎక్కువసార్లు సీలింగు ఫ్యాన్ల రొద. ఫ్యాన్ల రెగ్యులేటర్లన్నీ వేదిక పక్కకు తెప్పిస్తే రాగం అందుకునే ముందు స్టేజి మనిషి వేగం తగ్గిస్తాడు, జనం గమనించను కూడా గమనించరు.

చిత్రించిన పాత తెరలు, అంటే దర్బారు, వీధి, అడవి, అంతఃపురం తెరలు మిగిలి ఉంటే అవి ఆ హాలు ఆస్తుల్లోకెల్లా విలువైనవి. వాటిని మడతపెట్టకూడదు, మడత పడిన గీత వెంట రంగు రాలిపోతుంది. నీళ్లు తగలనివ్వకూడదు, ఎందుకంటే చాలావాటి రంగుల్లో జిగురు నీటికి కరిగేది. లావుపాటి పీవీసీ గొట్టానికి ఉతికిన పాత నూలు చీర చుట్టి, దాని మీద తెరను బొమ్మ బయటివైపు ఉండేలా వదులుగా చుట్టాలి. బొమ్మ లోపలివైపు ఉంటే రంగు నలిగి పెచ్చులు లేస్తుంది. పైన మరో నూలు గుడ్డ కప్పి, నేలకూ గోడకూ తగలకుండా రెండు కొసలూ ఆనించి పెట్టాలి. ప్రతి తెర ఫొటోనూ, కొలతలనూ రిజిస్టరులో ఎక్కించండి, ఎందుకంటే అరువు ఇచ్చిన తెరలు తిరిగి రావడం అంత తేలిక కాదు.

కొత్తగా కుట్టించే నూలు తెరలకు నిప్పును తట్టుకునే మందు పెట్టించాలి. బోరాక్సు ఏడు పాళ్లు, బోరిక్ ఆమ్లం మూడు పాళ్ల లెక్కన వేడినీళ్లలో కరిగించి, గుడ్డను అందులో తడిపి ఆరబెట్టడం నాటకశాలల్లో చాలాకాలంగా ఉన్న పద్ధతి. ముందుగా అదే గుడ్డ పీలిక ఒకదానికి మందు పెట్టి, బయట ఆరుబయలులో అగ్గిపుల్ల అంటించి చూడండి, పుల్ల తీసేయగానే మంట ఆరిపోవాలి. తెర ఉతికితే మందు కొట్టుకుపోతుంది, మళ్లీ పెట్టాలి. చిత్రించిన తెరలకు మాత్రం ఈ తడి మందు వాడవద్దు.

కరెంటు విషయంలో లెక్క చాలా సులువు, అయినా ఎవరూ వేసుకోరు. వెయ్యి వాట్ల పాత ఫోకస్ లైట్లు 12 వెలిగితే 12 కిలోవాట్లు, ఒకే ఫేజు మీద అది 50 ఆంపియర్లు దాటుతుంది, పాత అల్యూమినియం తీగకు అది ప్రాణాంతకం. మూడు ఫేజులకూ సమంగా పంచితే ఒక్కో ఫేజుకు 17 ఆంపియర్లు పడుతుంది. 150 వాట్ల ఎల్‌ఈడీ లైట్లు అవే 12 పెడితే మొత్తం 1.8 కిలోవాట్లు, నాలుగు గంటల నాటకానికి 48 యూనిట్లు కాలే చోట ఏడు యూనిట్ల పైచిలుకుతో సరిపోతుంది. పద్యనాటకాల కిరీటాలు, నగలు పసుపుపచ్చని వెలుగులోనే మెరుస్తాయి కనుక కొనేటప్పుడు వెచ్చని తెలుపు రకం అడిగి తీసుకోండి. మెయిన్ బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను ఆపే స్విచ్చు), సరైన ఎర్తింగు తప్పనిసరి. మైకు సెట్టు వాళ్లు తెచ్చే అతుకుల తీగలను నేరుగా మెయిన్‌కు తగిలించనివ్వకుండా, వేదిక పక్కన వాళ్ల కోసం విడిగా ఒక బోర్డు పెట్టించండి.

చెదకు, గబ్బిలాలకు ఓపిక కావాలి. వేదిక మెట్లు, బల్లలు, పెట్టెలు నేలమీద ఆనకుండా షాబాదు బండ ముక్కల మీద ఎత్తి పెడితే మట్టిగూళ్లు పాకుతున్నది వెంటనే కనబడుతుంది. గబ్బిలాలను చంపవద్దు. చీకటి పడి అవి బయటికి వెళ్లాక సందులు మూయించాలి, కానీ పిల్లలు ఉన్న కాలంలో మూస్తే అవి లోపలే చచ్చి దుర్గంధం మిగులుతుంది. వాటి పెంట ఎండినది ఊడిస్తే దుమ్ముతో ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు కనుక ముందు నీళ్లు చల్లి, ముక్కుకు మాస్కు కట్టి ఎత్తించాలి.

నల్లగొండ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడు సంగతి తెలిసిందే, అందుచేత ప్రేక్షకులకూ నటులకూ తాగడానికి మిషన్ భగీరథ నీళ్లో శుద్ధి చేసిన క్యాన్లో మాత్రమే పెట్టాలి, బోరు నల్లా మీద తాగరాదని రాయించాలి.

ఇంకా ఒక జాగ్రత్త. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటక సంప్రదాయం వాళ్లు వస్తే తీగల మీద మనుషులు గాలిలో ఎగరాలి, రథాలు దిగాలి. వాళ్లు దానికి తగిన చట్రాలు కట్టుకోవడంలో ఆరితేరినవాళ్లు, అయినా మీ హాలు పాత దూలాలకు బరువు వేలాడదీయాలంటే స్ట్రక్చరల్ ఇంజినీరు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, లేదా చట్రం నేల మీద నిలబడేలా ఉండాలి.

తేదీలు, అద్దెలు

హాలును బతికించేది ఎక్కువగా నాటకం కాని కార్యక్రమాలే, ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. బడి వార్షికోత్సవాలు, పార్టీల సభలు, చేనేత చీరల ప్రదర్శనలు, నిశ్చితార్థాలు వస్తాయి, అద్దె ఇస్తాయి. అయితే వాటికి తేదీలు ఇచ్చాక మిగిలినవి నాటకానికి ఇద్దామనుకుంటే నాటకానికి ఒక్క శనివారం కూడా మిగలదు. అందుకని ఏడాది మొదట్లోనే నెలకు రెండు శనివారాలను ప్రదర్శనలకు కేటాయించి, నలభై ఐదు రోజుల ముందు వరకూ ఎవరూ తీసుకోకపోతేనే వేరేవాళ్లకు ఇవ్వాలని నియమం పెట్టుకోండి. ఈ నియమం నిలబడాలంటే డైరీ ఒక్కరి చేతిలోనే ఉండాలి. ఇద్దరు సభ్యులు ఇద్దరికి మాట ఇచ్చిన రోజున పరువూ డిపాజిట్టూ రెండూ పోతాయి.

ఏ తేదీలు అన్నది ఊరి బతుకును బట్టి తేల్చాలి. పాలమూరు పల్లెల నుంచి బొంబాయి, పుణె వైపు వలస పోయినవాళ్లు దసరాకో, సంక్రాంతికో, ఉగాదికో ఇళ్లకు వస్తారు, ఆ నాలుగు రోజుల్లో వేసిన నాటకానికి నిండే హాలు మామూలు వారాల్లో సగం కూడా నిండదు. కార్తీకంలో కురుమూర్తి జాతర, మాఘంలో మన్యంకొండ, చెరువుగట్టు జాతరలు, రెండేళ్లకొకసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర జరిగే రోజుల్లో జనమంతా అటే పోతారు కనుక హాలులో ప్రదర్శన పెట్టవద్దు. ఆ జాతరలకు వచ్చే చిందు, బుర్రకథ, ఒగ్గుకథ బృందాలను ముందే కలిసి, తిరుగు ప్రయాణంలో మీ హాలులో ఒక రాత్రి ఆడించుకోవడం మాత్రం మంచి ఎత్తుగడ. మార్చి నెల పరీక్షలు, ఏప్రిల్, మే ఎండలు ఎలాగూ ఖాళీ. నారాయణపేట, మక్తల్ వైపు కన్నడం మాట్లాడే ప్రేక్షకులు కూడా ఉన్నారు కనుక ఏడాదికి ఒకటైనా కన్నడ ప్రదర్శన పెట్టి చూడండి.

అద్దె లెక్క ఇలా కట్టండి. ఒక సాయంత్రానికి కరెంటు, ఊడ్చే మనిషి, స్టేజి మనిషి బత్తా, సామాను అరుగుదల కలిపి ఎంతవుతుందో తేల్చి, ప్రదర్శన కళలకు ఆ ఖర్చు మాత్రమే తీసుకోవాలి, సభలకు దానికి రెట్టింపు, అమ్మకాలకూ వేడుకలకూ అంతకన్నా ఎక్కువ. రిహార్సళ్లకు పగటిపూట ఉచితంగా ఇస్తే హాలు చుట్టూ మనుషులు అల్లుకుంటారు. ఒప్పందం ఒక పేజీ చాలు, అయితే అందులో గ్యాసు సిలిండరు లోపలికి తేకూడదని, స్తంభాలకూ వేదికకూ మేకులు కొట్టకూడదని, రంగులు, పసుపు పడితే డిపాజిట్టు నుంచి కోత ఉంటుందని ఉండాలి. ఎన్నికలు వస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం కింద పోలింగుకో పెట్టెలు భద్రపరచడానికో హాలును ప్రభుత్వం స్వాధీనం చేసుకోవచ్చు, అప్పుడు అద్దె తిరిగి ఇవ్వడం తప్ప సంఘానికి ఇతర బాధ్యత లేదని ఒక వాక్యం చేర్చండి.

ప్రదర్శన రోజు

మన ఊళ్లలో నాటకాలు చెడేది నటుల వల్ల కన్నా శాలువాల వల్ల. ఆరున్నరకు అని కరపత్రంలో వేసి, ఏడున్నరకు ముఖ్య అతిథి వచ్చి, జ్యోతి వెలిగించి, పదకొండు మంది మాట్లాడి, ఒక్కొక్కరికీ శాలువా, మెమెంటో ఇచ్చేసరికి తొమ్మిది అవుతుంది. పల్లెల నుంచి వచ్చినవాళ్లు ఆఖరి బస్సు కోసం లేచి పోతారు, మేకప్‌తో రెండు గంటలు కూర్చున్న కృష్ణుడు ఖాళీ కుర్చీలకు పద్యం పాడతాడు. దీనికి మందు ఒక్కటే: సన్మానాలన్నీ నాటకం తరువాత, మొదట ఒక్కరే, ఐదు నిమిషాలు. అతిథికి ఆహ్వానం ఇచ్చేటప్పుడే ఈ సంగతి చెప్పి, నాటకం చూసి మాట్లాడితే బాగుంటుందని కోరితే చాలామంది సంతోషంగానే ఒప్పుకుంటారు, ఒప్పుకోనివారిని పిలవకపోవడమే మేలు. ముందు వరుసలో అధికారులకు ఉంచిన కుర్చీలు నాటకం మొదలవుతుందని చెప్పే మూడో గంట మోగాక అందరివీ. ఆఖరి బస్సు సమయం డిపోలో కనుక్కొని, దానికి అరగంట ముందు ముగిసేలా సమయం పెట్టుకోండి.

బృందం కనీసం నాలుగు గంటల ముందు చేరాలి. హార్మోనియం, తబలా వాళ్లకు నటుడితో శ్రుతి చూసుకోవడానికి మైకు లేకుండా పావుగంట, మైకుతో పావుగంట ఇవ్వండి. పద్యనాటకానికి వేదిక అంచున వరుసగా పెట్టిన మైకులు, పైనుంచి వేలాడే రెండు మైకులు చాలు. అవి కూత పెట్టకుండా ఉండాలంటే స్పీకర్లు మైకులకు ముందు, ప్రేక్షకుల వైపు తిరిగి ఉండాలి. ఒగ్గు డోలుకు మైకే అక్కరలేదు, కథకుడికి మాత్రం ఇవ్వండి. చిందు యక్షగానం రాత్రంతా ఆడే కళ, దాన్ని రెండున్నర గంటలకు కుదించాలంటే ఏ ఘట్టాలు ఉంచాలో బయానా ఇచ్చేటప్పుడే భాగవతులతో కూర్చుని తేల్చుకోవాలి. వేదిక మీద ఉండగా చీటీ పంపి త్వరగా ముగించమనడం వాళ్లను అవమానించడమే.

మేకప్ గదుల్లో ఆడవాళ్లది విడిగా ఉండాలి, దానికి లోపలి గడియ, అద్దం, వెలుతురు, దగ్గరలోనే నీళ్లున్న మరుగుదొడ్డి ఉండాలి. ఈ నాలుగూ లేని హాలుకు మంచి నటీమణులు రెండోసారి రారు. రాత్రి వాళ్లను బస దగ్గర దింపే బండి ఎవరిదో పగలే తేల్చండి. జానపద కళాకారులకు ఒక గది, నాటకం వాళ్లకు మరో గది, వీళ్లకు ఇస్తరాకు, వాళ్లకు పింగాణీ అన్న తేడాలు ఇంకా అక్కడక్కడ కనబడుతున్నాయి. ఒకే పంక్తి, ఒకే వంట అన్నది కార్యవర్గం స్వయంగా వడ్డించి చూపించవలసిన విషయం. పారితోషికం కవరు మేకప్ తుడుచుకునేలోపు చేతికి అందాలి. రేపు పంపిస్తామన్న మాట ఈ వృత్తిలో అందరూ విని ఉన్నదే.

లౌడ్‌స్పీకర్లను రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు వాడరాదన్న 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో మూసిన ఆడిటోరియాలకు మినహాయింపు ఉన్నది, ఆవరణలో పెట్టిన హారన్లకు లేదు.

తలుపులు

1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమాహాలులో 59 మంది చనిపోయారు. నిప్పు పార్కింగులోని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పుట్టింది, బయటపడే దారులు మూసుకుపోయి ఉండడంతో చాలామంది పొగకే ఊపిరాడక పోయారు. మన హాళ్లలో టికెట్టు లేనివాళ్లు దూరతారని పక్క తలుపుకు తాళం వేయడం, ఆ తాళం చెవి జేబులో వేసుకొని వాచ్‌మన్ టీకి పోవడం మామూలుగా జరిగేదే. హాలులో ప్రేక్షకులు ఉన్నంతసేపూ ఏ తలుపుకూ తాళం ఉండకూడదు. ఒక్కో తలుపు దగ్గర ఒక్కో మనిషిని, చేతిలో టార్చితో, నాటకం ముగిసేదాకా నిలబెట్టాలి. తలుపులు బయటికి తెరుచుకోవాలి, లోపలికి తెరుచుకునేవైతే ఈ ఏడాది మరమ్మతుల్లో అదే మొదటి పద్దు. నడవాల్లో అదనపు కుర్చీలు వేయనివ్వవద్దు, ఎంత పెద్దవాళ్లు వచ్చినా సరే. అగ్నిమాపక కేంద్రం వారిని ఏటా పిలిచి, మంటలార్పే సిలిండర్లు పరీక్ష చేయించి, మీ సిబ్బంది చేతే ఒకటి వాడించి చూడండి. కొక్కెం తీయడం తెలియక నిలబడిపోయేవాళ్లు ఎందరో అప్పుడే బయటపడుతుంది.

డబ్బు, అనుమతులు

మనిషికి 500 రూపాయలకు మించని నాటకం టికెట్టుకు జీఎస్టీ లేదు. జానపద, శాస్త్రీయ కళల్లో ఒక ప్రదర్శనకు కళాకారుడు తీసుకునే పారితోషికం లక్షన్నర లోపైతే దానికీ లేదు. హాలు అద్దె సంగతి వేరు, ఆడిటరును అడగండి. రచయిత మరణించి 60 ఏళ్లు నిండని నాటకానికి హక్కుదారుల అనుమతి కావాలి. టికెట్టు లేకుండా ఔత్సాహికులు వేసే ప్రదర్శనకు 1957 కాపీరైటు చట్టంలో మినహాయింపు ఉన్నది. ఉచితంగా చూపించడం కన్నా పది, ఇరవై రూపాయలైనా టికెట్టు పెట్టడం మంచిదని నేను అనుకుంటాను, కొన్న టికెట్టుకు మనిషి సమయానికి వస్తాడు. కానీ అప్పుడు అనుమతి తప్పదు. రాష్ట్ర భాషా సాంస్కృతిక శాఖకు సాయం కోసం దరఖాస్తు చేస్తే గత మూడేళ్ల ఆడిట్ లెక్కలు, కార్యక్రమాల ఫొటోలు, కరపత్రాలు సిద్ధంగా పెట్టుకోండి, అడుగుతారు. ప్రతి నెలా జమాఖర్చును హాలు నోటీసు బోర్డు మీద అతికించండి. ఊళ్లో పుట్టే సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి, మిగతా సగం తీరవు.

అప్పగింత

పదవీకాలం ముగిసిన కార్యవర్గం కొత్తవారికి తాళాల గుత్తి మాత్రమే ఇచ్చి చేతులు దులుపుకోవడం చాలాచోట్ల ఆచారం. దానికి బదులు పాత కార్యదర్శి, కొత్త కార్యదర్శి, స్టేజి మనిషి ముగ్గురూ ఒకరోజు హాలులో తిరిగి, తెరల రిజిస్టరు, తాళ్ల పుస్తకం, స్థలం కాగితాల నకళ్లు, బ్యాంకు పాసుబుక్కు, డిపాజిట్లు ఇంకా తిరిగి ఇవ్వవలసినవారి జాబితా, రాబోయే ఆరు నెలల తేదీల డైరీ సరిచూసుకొని, ప్రతి పేజీ మీద ముగ్గురూ సంతకాలు చేయాలి. అరువు పోయిన తెరలూ కుర్చీలూ ఎవరి దగ్గర ఉన్నాయో పేరుతో సహా ఆ రోజే రాసి పెట్టాలి, వారం దాటితే ఎవరికీ గుర్తుండదు. స్టేజి మనిషి జీతం బాకీ ఏదైనా ఉంటే అది తీరిన తరువాతనే పాత కార్యవర్గానికి సెలవు.